చిటికె వేయని చెయ్యి

మొన్న మధ్యాహ్నం సూర్యాపేట బస్సు దిగి వచ్చిన మా తమ్ముడు గడపలోనే నిలబడి, "అక్కా, సైన్సు టీచరమ్మ పోయిందే" అన్నాడు. నేను బియ్యంలో రాళ్లు ఏరుతున్నాను. మాట చెవిన పడ్డాక కూడా నా వేళ్లు కాసేపు ఏరుతూనే ఉన్నాయి. వేళ్లు ఎందుకలా ఆడుతూనే ఉన్నాయని అడగడానికి ఇక ఆమె లేదు. ఉంటే దాని మీద ఓ పీరియడంతా చెప్పేది.

సూర్యాపేటలో మా పక్క వాటాలో కిరాయికి ఉంటూ, బాలికల బడిలో మాకు సైన్సు చెప్పింది. నేను పెళ్లయి మిర్యాలగూడ వచ్చి, ఇక్కడి బడిలో అదే సైన్సు చెబుతున్నానంటే అది ఆమె పెట్టిన భిక్షే.

మెదడు పాఠం రోజున బోర్డు మీద ఓ మనిషిని గీసింది. చేతులు చేటలంత, పెదవులు వడలంత, వీపు మాత్రం పుల్లంత. మేం పడీపడీ నవ్వాం.

"నవ్వకుండ్రి. మెదడు లెక్కల మనిషి గిట్లనే ఉంటడు. ఎంత పనితనం ఉంటే గంత జాగ. వీపు మూట మోస్తది గాని దానికేం పనితనం వచ్చు?"

బడి గోడ మీద కోతులు పల్లికాయలు ఒలుచుకుంటుంటే పాఠం ఆపి మమ్మల్ని కిటికీ దగ్గరికి తోలేది. "దాని వేళ్లు సూడుండ్రి. గసుంటి కోతి తలల ఒక్క జాగల జర కరెంటు ముట్టిస్తే వేలు కదుల్తది. ఇంకో జాగల ముట్టిస్తే మూతి కదుల్తది. పాపం, అది అనుకోకుండనే దాని చెయ్యి లేస్తది." ఆ 'పాపం' అనేటప్పుడు ఆమె గొంతు తగ్గిపోయేది.

క్లాసులో ఎవరైనా ఆవులిస్తే ఊరుకునేది కాదు. దగ్గరికొచ్చి, వాళ్ల నోటి ముందు తనే చిటికె వేసేది. మా ముసలమ్మలు దయ్యం దూరకుండా వేసే చిటికె ఆమె దగ్గర పాఠమైపోయింది. "గీ చిటికె కొట్టనీకి మెదడుల ఎంత జాగ పడ్తదో ఎరుకేనా? మీ వీపంతటికి గూడ గంత లేదు!"

పోయిన ఎండాకాలానికి ముందు, బోర్డు మీద రాస్తుండగానే ఆమె చేతిలోంచి సుద్దముక్క జారింది. వంగి తీసుకోబోతే చెయ్యి రాలేదు. కుడిపక్క పడిపోయింది, మూతి వంకరపోయింది. దవాఖాన నుంచి ఇంటికొచ్చాక కాలు కొంచెం కొంచెంగా కుదుటపడింది, మాట ముద్దముద్దగా వచ్చింది. చెయ్యి మాత్రం రాలేదు. ఆమెకు కావలసిందేమో ఆ చెయ్యే. మళ్లీ సుద్ద పట్టుకోవాలి, అంతే ఆమె కోరిక.

కోదాడలో కాపురం చేసి అక్కడి యాసే పట్టిన వాళ్ల అక్క వచ్చి చాకిరీ చేసింది. పక్షవాతానికి పావురం నెత్తురు మంచిదని ఎవరో చెబితే రోజూ ఆ చేతికి పూసి రుద్దేది. టీచరమ్మ చిన్నపిల్లలా చెయ్యి అప్పగించి కూర్చునేది.

నేను చూడబోయినప్పుడు, అక్క లోపలికి వెళ్లాక మెల్లగా అంది: "చెయ్యికేం గాలే. దానికి చెప్పే జాగ చెడ్డది. తలల ఉన్న గా జాగకు నెత్తురు ఎట్ల పూస్తరు?"

"వద్దని చెప్పరాదా టీచర్?"

"అక్క ఇంకేం జేస్తది? రుద్దనీ."

ఆ మధ్యాహ్నమే అన్నం తిన్నాక టీచరమ్మ ఆవులించింది. ఒళ్లో పడి ఉన్న కుడిచెయ్యి దానంతటదే ముడుచుకుని గుండెల దాకా లేచింది.

"లేచింది! చూశావా అమ్మాయ్, చెయ్యి లేచింది! నే చెప్పలా, పావురం నెత్తురు ఊరికే పోదని!" అక్క ఏడుస్తూ, నవ్వుతూ దేవుడి పటం దగ్గరికి పరిగెత్తింది.

ఆవులింత అయిపోగానే చెయ్యి మళ్లీ ఒళ్లో పడింది. టీచరమ్మ పళ్లు బిగబట్టి ప్రయత్నించింది. వేలు కూడా కదల్లేదు.

"ఆవులింత మెదడుల యేరే తొవ్వల వస్తది. నేను లేపలే, అదే లేసింది. కోతి యాదికున్నదా? ఇప్పుడు నేనే గా కోతిని." ఆగి, "అక్కకు చెప్పకు" అంది.

అక్క తిరిగొచ్చి నా చెయ్యి పట్టుకుంది. "నువ్వూ సైన్సు చదివావుగా అమ్మాయ్. మళ్లీ సుద్దముక్క పట్టుకుంటుందంటావా?"

"చూద్దాం పెద్దమ్మా" అన్నాను. ఇంకేమనను? ఎక్కడ చెడిందో మా ఇద్దరికీ తెలుసు. బాగుచేసే దారి ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు, డాక్టరుకూ తెలియదు. చదివిన చదువంతా ఆ గదిలో ఎందుకూ కొరగాలేదు.

నిన్న వెళ్లి అక్కను పలకరించాను. "పోయే ముందు రోజు కూడా లేచిందమ్మాయ్. ఇంకొన్నాళ్లుంటే చెయ్యి వచ్చేసేదే" అని వెక్కి వెక్కి ఏడ్చింది. అవునన్నట్టు తలూపాను.

ఆఖరిసారి టీచరమ్మను చూసిన రోజు కళ్లలో మెదులుతోంది. ఆవులింత వచ్చింది. చెయ్యి లేచి, నోటి దాకా రాక మధ్యలోనే ఆగింది, వేళ్లు వేలాడుతూ. ఆమె ఆ చేతి వంక చూసింది, తర్వాత నా వంక చూసింది. నేను లేచి వెళ్లి ఆమె నోటి ముందు చిటికె వేశాను.

"ఇనవడలే" అంది వంకర మూతితో నవ్వుతూ. "గట్టిగ కొట్టు."