ఒక బొమ్మ, నాలుగు టీవీలు

నలుగురిలో నోరు విప్పలేని నేను, ఆ విప్పకపోవడం వల్లే ఒక పెళ్లిని ఎలా చీకటి చేశానో చెబుతాను. నవ్వుకోండి. నా డైరీ ఇప్పటికే నవ్వి నవ్వి అలిసిపోయింది.

కొత్తపేట దగ్గర కాలవ గట్టు మీద మా చర్చి. గట్టు దిగితే మా ఇల్లు. అక్క పెళ్లి నాటికి మా నాయనమ్మ తుంటి విరిగి మంచం మీద ఉంది. మా ఇద్దరినీ పెంచిన మనిషి. ఫోన్లో చూపిస్తానంటే, "ఆ అగ్గిపెట్టెలో నాకేం కనబడతాదే?" అంది. ఎలక్ట్రానిక్స్ చదివిన మనవరాలిని కదా, చర్చిలో ఉన్న పాత కెమెరా నుంచి మా డబ్బా టీవీకి వైరు లాగుతానని మాటిచ్చాను.

మధ్యలో ఒక చిన్న వీడియో యాంప్లిఫయరు పెట్టాను. ఇచ్చినదాన్ని సరిగ్గా రెట్టింపు చేస్తుంది. బతిమాలినా అంతకు మించి చెయ్యదు. ఎందుకు రెట్టింపంటే, వైరుకి రెండు కొసల్లోనూ ఉండే రెసిస్టర్లు కలిసి సగం మింగేస్తాయి. రెట్టింపులో సగం పోతే అసలు బొమ్మ అసలులాగే ఇల్లు చేరుతుంది. ఒక వైరుకి ఒకే టీవీ. ఇంకోటి కావాలంటే ఆ యాంప్లిఫయరు పెట్టె దగ్గర్నుంచే వేరే వైరు వెయ్యాలి.

పెళ్లిరోజు పొద్దున్నే నాయనమ్మ టీవీ చూస్తూ ఇంట్లోంచి ఫోన్ చేసింది. "ఒసే గ్రేసూ, పాస్టరుగారి కుర్చీ వెనకాల దుమ్ము ఊడవలేదని చెప్పు!"

గర్వంతో కొబ్బరి చెట్టంత ఎదిగాను. అంతలో పక్కింటి సుగుణత్తయ్యగారు వచ్చారు.

"అమ్మాయ్, మావారికి మోకాళ్లు. గట్టెక్కలేరు. మాకూ ఓ ముక్క కలిపెయ్యమ్మా."

"అంటే అత్తయ్యగారూ, దానికి వేరే వైరు..."

"ఇది మా గోడ మీంచే పోతందిగా?"

"ఆయ్."

కలిపాను. వెనకింటి మేష్టారు, "మా టీవీ ఏం పాపం చేసిందమ్మా?" అన్నారు. ఆయ్. వంటాయన, "భోజనాలకాడ ఓటి పెడితే మర్యాదగా ఉంటదండీ" అన్నాడు. ఆయ్. ఒక్క గొట్టానికి వీధంతా కుళాయిలు బిగిస్తే కొసన ఏమొస్తుంది? గాలి.

కాసేపటికి ఫోన్. "గ్రేసూ, మా టీవీలో అమావాస్య వచ్చేసిందే! కాస్త పెంచమ్మా."

"దీనికి పెంచడానికి ఉండదండీ, అత్తయ్యగారూ."

"రేడియోకి కూడా ఉంటదే! చదువుకున్నదాని పెట్టెకి ఉండదా?"

గోడ దగ్గరికి పరుగెత్తాను. మూడు అతుకులూ పీకేస్తే నాయనమ్మకి బొమ్మ వచ్చేస్తుంది. ఒకదాని మీద చెయ్యి కూడా వేశాను. కిటికీలోంచి అత్తయ్యగారు, "వచ్చేవా తల్లీ! మావారు కొత్త చొక్కా తొడుక్కుని మరీ కూచున్నారు" అన్నారు.

చెయ్యి తీసేశాను. చర్చి గంట మోగింది. మొహమాటానికి పోతే ఏదో అయిందని పెద్దలు ఒక సామెత చెబుతారు. ఆడపిల్లని, పూర్తిగా రాయలేను. నాకు మాత్రం టీవీలు నల్లబడ్డాయి.

చర్చిలో నాన్న అక్క చెయ్యి పట్టుకుని నాలుగడుగులు వేసి, ఏడుపాపుకోలేక బెంచీలో కూలబడిపోయారు. పీఠం దాకా అక్కని నడిపించింది అమ్మే. సంఘమంతా నవ్వుతూ కళ్లు తుడుచుకుంది. కొడుకు అలా బెంచీలో కూలబడటం నాయనమ్మ చూసి తీరాల్సింది.

ఇంటికొచ్చేసరికి టీవీ బొగ్గులా ఉంది. దానికెదురుగా, ఇస్త్రీ చీరలో నాయనమ్మ.

"కనబడిందా, నాయనమ్మా?"

"ఆయ్. అంతా చూసేనమ్మా. మీ నాన్న దాన్ని పీఠం దాకా ఎంత దర్జాగా నడిపించేడే!"

నా నోట్లో ఆ "ఆయ్" ఎవరు నాటారో అప్పుడర్థమైంది. "బాగా చూశావు" అన్నాను. పెళ్లి వీడియో తయారై వచ్చేసరికి, చూడాల్సిన మనిషి లేదు.

కాబట్టి నా డైరీ మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఎవరడిగినా "కుదరదండీ" అంటాను. రోజూ అద్దం ముందు సాధన చేస్తున్నాను. ప్రస్తుతానికి "అండీ" ఒక్కటే వస్తోంది.