బిడ్డ లేకుండా వచ్చిన పాలు

రక్తం తీసే గదిలో స్పిరిటు వాసన ముక్కుకు తగిలితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మొన్న షుగరు పరీక్షకు వెళ్ళినప్పుడూ అంతే. ఆ వాసన వెంటే హిందూపురం విశాలాక్షి డాక్టరమ్మ గుర్తుకొస్తుంది. పొట్టి మనిషి, గదంతా వినబడే గొంతు. ఆమె పోయి రెండేళ్ళయింది. నా తరఫున మొదట కోపం తెచ్చుకున్న మనిషి ఆమే. అంతవరకూ నాకు కోపం వచ్చే హక్కుందని కూడా తెలియదు.

మాది పెనుకొండ. ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇంటికి కోడలిగా వెళ్ళాను. రెండో ఏడు నెలసరి తప్పింది. ఇల్లంతా సంబరపడింది. కడుపు కాదని తేలాక ముఖాలు మాడ్చుకున్నారు. తర్వాత నెలసరి పూర్తిగా ఆగిపోయింది. నాలుగో ఏడు ఒకరోజు మగ్గం ముందు కూర్చుని ఉండగా రవిక తడిసింది. చూస్తే పాలు. నేను దాచుకునేలోపే అత్త చూసింది. మర్నాడు మా ఇంట్లో మగ్గానికి దారపు కండెలు చుట్టే ఆడవాళ్ళ మధ్య కూర్చుని, నేను వంటింట్లో వింటుండగానే అంది: "కనకుండా పాలు యాడ నుంచి వస్తాయి? పెండ్లికి ముందే యాడో కని పారేసి వచ్చినాది."

వారం తిరగకుండా వీధంతా ఆ మాటే. నా భర్త ఔననలేదు, కాదనీ అనలేదు. ఆ మౌనమే నన్ను ఎక్కువ కోసింది. ఊళ్ళో చూపించిన డాక్టరు పాల సంగతి విని కూడా రక్తపరీక్ష రాయలేదు, నెలసరికి మాత్రలు రాసి పంపించాడు. ఇంట్లో రెండో పెళ్ళి మాట మొదలయ్యాక నాయన వచ్చి నన్ను హిందూపురం తీసుకెళ్ళాడు.

"తలనొప్పి వస్తాందా? కండ్లు మసగ్గా కనపడతాయా?" అని అడిగిన డాక్టరమ్మ, ఆ వెంటనే, "పాలు వస్తాండాయా?" అంది. నేను చెప్పకముందే! భోరుమని ఏడ్చేశాను. పక్కన నాయన తల దించుకున్నాడు.

"ఏమప్పా, నువ్వెందుకు తల వంచుకుంటావు? నీ బిడ్డ ఏం తప్పు చేసినాదని?" అని ఆయన మీద కూడా కేకలేసింది.

రక్తపరీక్ష ఫలితం వచ్చాక, బెంగళూరులో తలకు స్కాను తీయించాక, చీటీ వెనక బొమ్మ గీసి చెప్పింది. మెదడు అడుగున శనగగింజంత గ్రంథి ఒకటుంది. పైనుంచి మెదడు ఒక హార్మోనుతో దానికి కబురు పంపుతూ ఉంటుంది. ఆ కబురు అందితేనే ఆ గ్రంథి మరో రెండు హార్మోన్లు తయారుచేసి అండాశయాన్ని నడిపిస్తుంది. నా గ్రంథిలో చిన్న గడ్డ పుట్టి, బిడ్డతల్లికి పాలు పడేలా చేసే హార్మోనును ఎడతెగకుండా చేస్తోంది. అది ఎక్కువై పై కబురును ఆపేసింది. అందుకే పాలు వచ్చాయి, నెలసరి పోయింది.

"గడ్డ ప్రమాదమైంది కాదు. వారానికి రెండు దినాలు మాత్ర మింగు. నీ శీలానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు, విన్నావా?" అంది.

మూడు నెలలకు పాలు ఆగాయి, నెలసరి వచ్చింది. అప్పుడు అత్తనూ నా భర్తనూ పిలిపించింది. ముందు అతన్నే పట్టుకుంది. "నీకు పరీక్ష చేసినారా ఎప్పుడన్నా?"

"నాకేమి మేడం, బాగానే ఉండాను కదా."

"బాగుండావని ఎవురు చెప్పినారు? మీ అమ్మా?" అని అతనికీ పరీక్ష రాసింది. తర్వాత జబ్బు సంగతంతా అత్తకు వివరించింది.

అత్త నసిగింది. "మాకు అదంతా తెల్దు డాక్టరమ్మా."

"తెల్దా? తెలీని మాట వీధంతా చెప్పినావు కదా. ఇప్పుడు తెలిసిన మాట కూడా అట్లే చెప్పు."

అత్త చెప్పలేదు. నేను ధర్మవరం తిరిగొచ్చి పది రోజులు చూసి, కండెలు చుట్టే ఆడవాళ్ళ ముందు నిలబడి నేనే చెప్పాను. గ్రంథి, గడ్డ, పాలు, అన్నీ. ఒకామె, "మా చెల్లెలికీ అట్లే వస్తాండాయి, ఎవురికీ చెప్పుకోలేకుండా ఉండాది" అంది మెల్లగా. మర్నాడే ఆ చెల్లెల్ని హిందూపురం బస్సెక్కించాను.

మరుసటి ఏడు నాకు కూతురు పుట్టింది. అందరూ దేవుడి దయ అన్నారు. బిడ్డను చూపించడానికి వెళితే డాక్టరమ్మ ఎత్తుకుని, "మీ అత్త చెప్పినాదా?" అని అడిగింది. లేదన్నాను. ఆమె ముఖం ఎర్రబడింది. నవ్వుతూ వెళ్ళిన నాకు ఆ ఎరుపే పెద్ద దీవెనగా తోచింది. బిడ్డ పుట్టింది కదా, ఇంక మరిచిపో అనని మనిషి ఆమె ఒక్కతే.

అత్త నా మీద వేసిన ఆ నింద వెనక్కి తీసుకోకుండానే నిరుడు కన్నుమూసింది. మంచాన పడ్డ ఏడాదీ నేనే కడిగాను, నేనే తినిపించాను. క్షమించలేదు. ఇది చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. మొన్నామధ్య ఈ సంగతంతా విని కూతురు అడిగింది, "అవ్వ మంచిది కాదా అమ్మా?" అని.

"నిన్ను బాగానే చూసుకున్నాది. నా మీద మాత్రం అబద్ధం చెప్పినాది. రెండూ నిజమే, రెండూ గుర్తుపెట్టుకో" అన్నాను.