ఆకుల కింద గుల్లలపాలెం

చిట్టమ్మ నోటికి మా గుల్లలపాలెంలో కులపెద్ద కూడా జడిసేవాడు. మల్కాపురం వెనక, ఉప్పుటేరు ఒడ్డున, మడ చెట్ల మధ్య గుప్పెడు గుడిసెల ఊరు మాది. మొగుడు ఎల్లాజీ వేటకెళ్తే, ఆమె చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఆఫీసర్ల క్వార్టర్స్‌కి వెళ్లేది. ఊళ్లోకి కబుర్లు తెచ్చేదీ ఆమే.

ఆమె పుట్టిన ఊరు ఇప్పుడు లేదు. చిన్నప్పుడు ఒక విమానం కిందుగా తిరిగి ఫొటోలు తీసుకుపోయింది. తర్వాత ఎవరో వచ్చి సున్నపు గీతలు గీశారు. ఊరిని ఖాళీ చేయించి ఆ గీతల మీద గోడ కట్టారు. విమానం చప్పుడు వింటే చిట్టమ్మ అప్పట్నుంచీ ఇంట్లోకి పరిగెత్తేది.

తొంభై అయిదు చలికాలంలో క్వార్టర్స్‌లో ఒకావిడ చేపలు బేరమాడుతూ, మడ అడవిని విమానంలోంచి ఫొటోలు తీస్తారట, అడవిని కాపాడ్డానికట అని చెప్పింది. చిట్టమ్మ చెవిన పడింది మొదటి ముక్కే. తట్ట ఖాళీ కాకుండానే ఇంటికొచ్చేసింది.

“ఇళ్లు కనపడితే పీకేత్తారు. పోలమ్మ పందిరి కప్పినట్టు అన్నీ కప్పెయ్యండి,” అంది.

ఏటా పోలమ్మ తల్లి పండక్కి మడ కొమ్మలతో పందిరి కప్పడం మాకు వెన్నతో పెట్టిన విద్య. ఇంటి కప్పులు, తెప్పలు, వలలు ఆరేసే ఇసక, అంతా పచ్చగా అయిపోయింది. విమానం వచ్చేదాకా రోజూ కొమ్మలు మార్చాం. చప్పుడు వినపడిన పూట ఒక్క పొయ్యీ వెలగలేదు. పిల్లలు చద్దన్నం తిని లోపలే కూర్చున్నారు. విమానం ఏటి మీద అటూ ఇటూ తిరిగి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఎవరూ రాలేదు. చిట్టమ్మ గర్వం చూసి తీరాల్సిందే. నాకు మాత్రం ఎందుకో భయం పోలేదు.

రెండు వేల మూడులో అడవికి హద్దులు వేసే పని మొదలైంది. మొదట్నుంచీ ఉన్నవాళ్లు ఉండొచ్చు, తర్వాత చేరినవాళ్లు ఖాళీ చెయ్యాలి అన్నారు. పట్నంలో ద్వారకా నగర్ అడవుల ఆఫీసుకి చిట్టమ్మ వెళ్తే నేను తోడెళ్లాను. గంగాధరరావని గోదావరి జిల్లా నుంచి వచ్చిన ఆఫీసరు, మంచి మనిషే, కుర్చీ చూపించి రెండు ఫొటోలు ముందు పెట్టాడు. ఒకటి ఆనాటి విమానం తీసింది, ఇంకోటి మొన్న ఉపగ్రహం తీసింది.

“కొత్తదాంట్లో మీ ఇళ్లున్నాయమ్మా. పాతదాంట్లో అంతా అడవే. అంటే మధ్యలో వచ్చారనే కదండీ?”

“నాను ఆ ఊరికి కోడలిగా వచ్చి ముప్పయ్యేళ్లయినాది బాబూ. అప్పుడు కొమ్మలు కప్పినాం.”

“ఎందుకు కప్పారు?”

“మీరు సూత్తారని.”

ఆయన పాత ఫొటో మీదకి మళ్లీ వంగి చూశాడు. ఇంకేదైనా ఆధారం ఉందా అని అడిగాడు. మా రేషన్ కార్డులన్నిటి మీదా మల్కాపురమనే ఉంది. ఊరి పేరు వేయించుకోవాలని మాకెప్పుడూ తోచలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారంటారు. మేం ముందే పట్టుకున్నాం, చేతులు ఆ ఆకులతోనే కాలాయి.

చిట్టమ్మ పాత ఫొటో మీద వేలు పెట్టి తన ఇంటికోసం వెతికింది. దొరకలేదు. అంత నోరున్న మనిషి తిరిగొచ్చే బస్సులో కొంగు ముఖాన కప్పుకుని కూర్చుంది. నాకు ఏడుపొచ్చింది.

ఊరంతా ఏటి గట్టు మీద కాచుక్కూర్చుంది.

“ఏటన్నారే?” అని ఎల్లాజీ అడిగాడు.

“మనం బాగా దాక్కున్నామంట,” అంది చిట్టమ్మ.

ఆ వారంలోనే ఊరి మొదట్లో సున్నపు గీత పడింది.