చొక్కా పురుగుల మడుగు

నీళ్ల ఆఫీసు ల్యాబులో సీసాలు కడిగే ఆవిడని అందరూ సీసాలక్క అనేవారు. వారానికోసారి కొండ మీది వాగుకెళ్లి, పరీక్షకి నీళ్లు పట్టుకురావడం కూడా ఆవిడ పనే. పై మడుగులో రాళ్లకు వడ్లగింజంత గొట్టాలు అంటుకుని ఉండేవి. ఇసుక రేణువుల్ని జిగురు దారంతో అతికించుకుని, అందులో దూరి బతికే పురుగులవి. రెక్కలొచ్చాక చిన్న చిమ్మటల్లా లేచిపోయేవి. వాటికి చొక్కా పురుగులని ఆవిడే పేరు పెట్టుకుంది. తొమ్మిదేళ్లుగా ఎక్కడ ఎన్ని కనబడ్డాయో రిజిస్టరు వెనక పేజీల్లో రాసుకుంటోంది.

సరిగ్గా ఆ మడుగు దగ్గరే పైపు వేసి నీళ్లు మళ్లించాలనుకున్నారు. నీళ్లు పట్టుకొచ్చేది ఆవిడే కాబట్టి, ఇంజనీరు మడుగు తనిఖీ ఫారం ఆవిడ ముందు పెట్టాడు.

"జీవులు అన్నచోట లేవని రాసి సంతకం పెట్టు."

"ఉన్నాయి కద సార్."

"పురుగులూ ఓ లెక్కేనా?"

"లెక్కలేనప్పుడు ఆ గడి ఎందుకు గీశారు సార్?"

'ఉన్నాయి' అనే రాసింది. మర్నాడే ఆవిడని స్టోరు గదిలోకి, తుప్పుపట్టిన మీటర్ల మధ్యకి తోశారు.

ఇంట్లో వదిన తల పట్టుకుంది. "పురుగు మీద జాలిపడి నోటి దగ్గర ముద్ద కాలదన్నుకుంటావటే?"

"జాలి కాదు వదినా. కళ్లారా చూసినదాన్ని లేదని రాయమన్నాడు. చెయ్యి నాది, ఆయనది కాదు."

నెల తిరక్కుండా ఊళ్లోవాళ్ల అభ్యంతరాలు వినడానికి సభ పెట్టారు. ఆవిడ పొద్దున్నే వాగెక్కి, నాలుగు పురుగుల్ని నీళ్లతో సహా టిఫిన్ డబ్బాలో తెచ్చి బల్ల మీద పెట్టింది. ఇంజనీరు మైకులోనే నవ్వాడు.

"సీసాలు కడిగేవాళ్లకి శాస్త్రం కూడా తెలుసా?"

"శాస్త్రం తెలీదు. వాగు తెలుసు. కింద వాగు మీది వంతెనకి దిగువన ఒక్కటీ లేదు. ఎండలు ముదిరి నీళ్లు వెచ్చబడ్డ ఏడాది పై మడుగులోవీ సగం చచ్చాయి. రిజిస్టరులో తేదీలున్నాయి, చదువుకోండి. త్వరగా చూడండి, వీటిని మళ్లీ మడుగులో దింపి రావాలి."

వెనక వరసలోంచి ఒక పెద్దావిడ లేచొచ్చింది. పురుగుల మీద పరిశోధన చేసిన మనిషి. భూతద్దంతో చాలాసేపు చూసి తలెత్తింది.

"ఈ జాతి పోయిందనుకుని మేం వెతకడం మానేసి ముప్పై ఏళ్లయింది."

ఇంజనీరు మైకు కింద పెట్టేశాడు.

పైపు వంతెన దిగువకి మారింది. సీసాలక్క మాత్రం స్టోరులోనే ఉండిపోయింది. క్షమించమని నాలుగు ముక్కలు రాసిస్తే ల్యాబుకి పిలుస్తామని పెద్దాఫీసరు కబురు పెడితే, "తప్పు చేసినవాళ్లనడగండి" అని తిప్పి పంపింది. రిటైరయ్యేదాకా మీటర్లే తుడిచింది. ఆదివారాలు మాత్రం కొండెక్కి, మోకాలి లోతు నీళ్లలో నిలబడి రాళ్లు తిరగేసేది. ఎవరు పంపారని దారిలో ఎవరైనా అడిగితే, "నేనే" అనేది.