తొండకు వేషమిచ్చిన అయ్యవారు

మా తెలుగు అయ్యవారు పోయినారని మొన్న బత్తలపల్లె బస్సులో తెలిసింది. చెప్పినాయన చెనిక్కాయలు ఒలుచుకుంటా, "పాపం, మంచోడు. ఎప్పుడు చూసినా ఏందో ఒకటి అడుగుతాండె" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది, దాని వెనకే నవ్వూ వచ్చింది.

నిజమే, ఆయన చెప్పింది తక్కువ, అడిగింది ఎక్కువ. చీమల బారు కనపడితే చాలు, పంచె ఎగ్గట్టి కూర్చుంటారు. "యాడికి పోతాండాయో చూసొద్దాం పదండి" అంటారు. పాఠం ఆడనే ఆగిపోతుంది. నేనిప్పటికీ దేన్నైనా నిలబడి చూస్తానంటే, అది ఆయన పెట్టిన భిక్షే.

నేను ఐదో తరగతిలో ఉన్న ఏడు వానల్లేవు. ఆ ఏడే బడి పండక్కని ఆయనొక నాటకం రాసినారు. ఎప్పుడో రాబోయే కాలం. వాన అనేదే ఉండదు. ఊళ్లకు ఊళ్లు ఖాళీ అవుతాయి. ఆఖరి మనిషి "లోకం ముగిసింది" అని పడిపోతాడు.

రిహార్సల్ చూసిన ఊరి పెద్దాయనకు ఒళ్లు మండింది. అయ్యవారు ఉండే ఇల్లు ఆయనదే.

"తథాస్తు దేవతలు తిరుగుతాంటారప్పా! వాన రాదని పిల్లోళ్లతో అరిపిస్తావా? ఆఖర్న వాన కురిపిచ్చు. లేదంటే ఇంకో ఊరు చూసుకో."

అయ్యవారి ముఖం వాడిపోయింది. ఇంట్లో భార్య నిండు చూలాలు, యాడికని పోతారు? గొర్రెలు కాసే అవ్వ ఒకామె ఆడనే నిలబడి చూస్తాండె, ఆమె గొడవ ఇంకొకటి.

"ఏమప్పా అయ్యోరూ, నీ మనిషి చస్తే లోకం అయిపోతాదా? తొండ ఏమాయె? బండ మీద తల ఊపుకుంటా ఉంటాది గదా!"

"అవును గదా అవ్వా! రాసేటప్పుడు మన గోలే తప్ప ఇంకోటి తోచనే లేదు" అన్నారు అయ్యవారు. "నీళ్లు లేకుంటే అదెట్ల బతుకుతాది?"

"దాన్నే అడుగు పో" అనింది అవ్వ.

ఆయన వాన కురిపించలేదు. "లోకం ముగిసింది" అనే మాట కొట్టేసి, నాకు తొండ వేషమిచ్చినారు. "ఇది ముదిరితే ఊసరవెల్లే" అని క్లాసంతా నన్ను ఏడిపిచ్చిరి.

నాటకం రోజు ఆఖరి మనిషి పడిపోయినాడు. నేను పాకుకుంటా వచ్చి, మోచేతులు ఆనించి తల ఊపినా. పెద్దాయన దిగ్గున లేచినాడు. అయిపాయె, అయ్యవారు మూటాముల్లె సర్దుకోవాల్సిందే అనుకున్నా. ఆయన నేరుగా స్టేజీ కాడికే వచ్చినాడు.

"అయ్యోరూ, ఇప్పుడిది ఏం జేస్తాది?"

"నాకూ తెలీదన్నా. చూద్దామా?"

ఇద్దరూ స్టేజీ అంచున కూర్చున్నారు, నన్నే చూస్తా. తెర దించమని ఎవరూ చెప్పలేదు. మెడ పీకుతాంది, నేను తల ఊపుతానే ఉండా.