సీసం కరిగించనివ్వని మనిషి

ఆత్మకూరు బస్టాండు వెనక వీధిలో మా మామ వరప్రసాదానికి బ్యాటరీలు చార్జింగు చేసే కొట్టు ఉండేది. నేను ఎనిమిదో తరగతితో బడి మానేసి అక్కడ చేరాను. మామ కుడిచెయ్యి మణికట్టు దగ్గర వాలిపోయి ఉండేది, గ్లాసు కూడా పట్టేది కాదు. మూతలు విప్పడం, డిస్టిల్డ్ వాటర్ పొయ్యడం నా పని. నాకు మాటలు తక్కువ. వచ్చేవాళ్లను చూస్తూ ఉండేదాన్ని.

కరెంటు లేని ఊళ్ల వాళ్లు టీవీ కోసం, లైటు కోసం సైకిళ్లకు బ్యాటరీలు కట్టుకుని వచ్చేవాళ్లు. ‘‘లారీలో వాడి అరిగిపోయిన బ్యాటరీని చవకని కొనబాకండి, కొనేముందు నాకు చూపించండి’’ అని మామ అందరికీ చెప్పేవాడు.

ఓబులయ్య మామకు పాత స్నేహితుడు. సోమశిల డ్యాములో ఊరు మునిగాక సేద్యం పోయి చేపలు పట్టుకుంటున్నాడు. తొంభై అయిదు ఎండాకాలంలో చచ్చిన బ్యాటరీ ఒకటి తెచ్చాడు.

‘‘ఏం నీళ్లు పోసినావురా?’’ అన్నాడు మామ.

‘‘బావినీళ్లు గాదు, సోమశిల నీళ్లే. తియ్యంగా ఉంటాయి.’’

‘‘తాగేది నువ్వు కాదురా, బ్యాటరీ! ఇంక ఇది లేవదు.’’

‘‘అయితే ఇటియ్యి. పగలగొట్టి సీసం కరిగించుకుంటా. కొత్త వలకు గుండ్లు కావాల.’’

‘‘ఎక్కడ కరిగిస్తావు?’’

‘‘ఇంట్లోనే, పొయ్యి మీద. కోడలు మూకుడిస్తాది.’’

ఆ కోడలు బాలింత. బిడ్డకు నెల కూడా నిండలేదు. మామ బ్యాటరీని కాలితో తన వెనక్కి నెట్టుకున్నాడు.

‘‘ఇయ్యను.’’

‘‘నా బ్యాటరీ నాకియ్యనంటావేందిరా!’’

మామ వాలిన చెయ్యి ఎత్తి చూపించాడు. ‘‘ఇది పుట్టుకతో వచ్చిందనుకున్నావా? నెల్లూరులో రెండేళ్లు బ్యాటరీల్లోని పాత సీసం ప్లేట్లు కరిగించినాను. ముందు కడుపులో మెలిపెట్టింది, తర్వాత చెయ్యి పడిపోయింది. సీసమే అన్నాడు డాక్టరు. నాది ముదురు ఒళ్లు. ఆ పొగ తగిలితే పసిదానికి ఏమవతాదో తెలుసా?’’

మామకు చిన్నప్పుడు జ్వరమొచ్చి అలా అయిందని నేను అనుకునేదాన్ని.

ఓబులయ్య తగ్గలేదు. ‘‘గుండ్లు లేకుంటే వల మునగదు. వల మునగకుంటే బాలింతకు కూడెవరు పెడతారు, నువ్వా?’’

‘‘గుండ్లే కదా. నేనిస్తా. వారం ఆగు.’’

మర్నాడు కొట్టు మూసి నన్ను వెంటబెట్టుకుని అనంతసాగరం వెళ్లాడు. అక్కడ కుండలు చేసే సిద్ధయ్యను, మధ్యలో బెజ్జం ఉండే మట్టి గుండ్లు కావాలని అడిగాడు.

‘‘చెయ్యొచ్చు గానీ, ఎండేదానికే వారం పడతాది’’ అన్నాడు సిద్ధయ్య.

మామ తొందరపెట్టాడు. సరిగా ఆరని పచ్చిగుండ్లు కుండలు కాల్చే ఆవంలో టపటపా పేలిపోయాయి. వారానికి వచ్చిన ఓబులయ్యకు పెంకులు చూపించాల్సి వచ్చింది.

‘‘ఇవా నీ గుండ్లు? ఆడుకునేదానికి బాగుండాయి’’ అని నవ్వి, బ్యాటరీ తీసుకుందామని లోపలికి రాబోయాడు.

మామ గడపకు అడ్డంగా కూర్చున్నాడు. ‘‘నన్ను దాటిపో.’’

ఓబులయ్య దాటలేదు. తిట్టుకుంటూ బస్సెక్కాడు.

రెండోసారి మామ తొందరపడలేదు. నేనూ కూర్చుని గుండ్లు చుట్టాను. పది రోజులు నీడన ఆరాక కాల్చారు, ఒక్కటీ పగల్లేదు. గోనెసంచి మోసుకుని సోమశిల వెళ్లాం. సీసం కంటే మట్టి తేలిక, అందుకని రెట్టింపు గుండ్లు కట్టాం. ఓబులయ్య వల విసిరాడు. అంచు చుట్టూ నీళ్లు చిటచిటలాడి, వల మునిగింది.

లాగితే చిన్న చేపలే పడ్డాయి. ఓబులయ్య గుండ్లు ఒక్కొక్కటీ తడిమి చూశాడు.

‘‘రాయికి తగిలితే పగులుతాయిరా ప్రసాదం.’’

‘‘పగిలితే మళ్లీ చేయిస్తా.’’

‘‘ఊఁ. అయితే మా పక్కింటోళ్లకూ చేయించు. వాళ్ల దగ్గరా చచ్చిన బ్యాటరీలు రెండుండాయి.’’

ఆ నెలాఖరుకు, పాత బ్యాటరీలు ఫ్యాక్టరీకి తిరిగి పంపే నెల్లూరు కంపెనీ డీలరు లారీలోకి ఓబులయ్యదీ, పక్కింటోళ్లవీ కలిపి మూడు బ్యాటరీలు ఎక్కించాం. యాసిడ్ ఒలకకుండా మూతలు బిగించాను. పక్కకు ఒరగకుండా తాళ్లు కట్టింది ఓబులయ్యే.