నా పాట మీద కాపీరైటు

ఆ రోజుల్లో అంటే మరీ పాత రోజులేమీ కావు. అరవై దాటాను గానీ, వీడియో గేముల లోకంలో నేనింకా పడుచువాణ్ణే. నా ఉద్యోగమంతా ఆకివీడు నుంచి వెళ్లే చేపల లారీల్లో గుమాస్తాగా, డ్రైవర్ పక్క సీట్లో గడిచింది. స్టీరింగు ముట్టుకోనిచ్చిన మహానుభావుడు ఒక్కడూ లేడు. అందుకే కోడలు ఫోన్లో లారీ ఆట కొనిపెట్టగానే, ఎక్కడో విదేశీ రోడ్ల మీద లారీ తోలుతూ, "ఐసు కరిగిపోతోందండీ, కైకలూరు రైలు గేటు వేసేశారండీ" అని చెబుతూ, సొంతంగా ఒక ఛానెల్ తెరిచి వీడియోలు పెట్టడం మొదలుపెట్టాను. రిటైరైన డ్రైవర్లు చూసేవారు (నాకు బ్రేకు వేయడం రాదని రాసేదీ వాళ్లే). ఇంట్లో నా మాట ఎవరూ చివరిదాకా వినరు, అక్కడ వినేవారు. ఆ ఛానెల్ పోతే నేను మళ్లీ పక్క సీటువాణ్ణే.

లారీ అన్నాక పాట ఉండాలి కదా. ఆటలోని లారీకి ఇంటర్నెట్ రేడియో ఉంది, అందులో మన పాత పాటలు వస్తాయి, పెట్టాను. పాట హక్కుదారుల నుంచి అభ్యంతరం వచ్చింది. నాకు ఒళ్లు మండింది. కొల్లేరు పక్కన పుట్టినవాడికి లీజు సంగతి వీళ్లా చెప్పేది? చెరువు ఆసామిది, లీజుకు తీసుకుని పెంచిన చేప నాది. గేము కంపెనీది, డబ్బిచ్చి ఆడిన ఆట నాది అని, చట్టం నాకు నేనే చదువుకుని మరీ వాదన పంపాను. ఓడిపోయాను. ఛానెల్ మీద స్ట్రైక్ పడింది, అంటే హెచ్చరిక; అవి పెరిగితే ఛానెలే ఎత్తేస్తారట.

మా కోడలు తాడేపల్లిగూడెంలో టీచరు. "మావయ్యగారూ, మీరు కొన్నది ఆడుకోవడానికండీ. వీడియోలు పెట్టుకోవచ్చని కంపెనీవాళ్లు షరతుల్లో రాశారు గనక బొమ్మకి ఇబ్బంది లేదు. పాట వాళ్లది కాదు కదండీ. చెరువు లీజుకిచ్చిన ఆసామి, అందులో ఉన్న పక్కవాళ్ల పడవని మీకెలా ఇస్తాడండీ?" అంది.

సరే, రేడియో కట్టేశాను. అదే పాట నేనే పాడాను. గొంతు నాది, ఊపిరి నాది, ఇక ఎవరేమంటారు? మళ్లీ అభ్యంతరం, ఈసారి పాటలు విని పోల్చి పట్టే మిషను పట్టుకుందట. రాసినవారి మాట, కట్టినవారి బాణీ ఎవరు పాడినా వారివేనట. ఒప్పుకుని వీడియో తీసేస్తే గొడవ లేదు, వాదించి ఓడితే ఛానెలే పోవచ్చునంది కోడలు. గెలిచే దారే లేదా అని నిలదీశాను. నేలచూపులు చూస్తూ చెప్పింది. "ఒకటుందండీ. మీరు పాడింది ఆ పాట కాదని రాయాలి. వింటే ఎవరైనా నమ్ముతారండీ."

వంటింట్లోంచి మా ఆవిడ వచ్చింది (నేను పాడితే ఒంట్లో బాగాలేదా అని అడిగే మనిషి). "అది ఫలానా పాటని మిషను కనిపెట్టిందాండీ?" అని ఆరా తీసింది. కనిపెట్టిందన్నాను. "ఇన్నేళ్ల కాపరంలో నావల్ల కాలేదు" అంది.

రాయడానికి కూర్చున్నాను. నేను పాడినది ఆ పాట కాదు అని సగం రాసి ఆగిపోయాను. జీవితంలో నా పాటను పాటగా గుర్తించిన శ్రోత అదొక్కటే. దాని ఎదుట అబద్ధమాడడానికి మనసొప్పలేదు. వాదన కొట్టేసి, వీడియో తీసేశాను. ఓడిపోయి నవ్వుతున్నారేమిటని కోడలు విస్తుపోయింది.

లారీ ఇప్పటికీ తోలుతున్నాను. మంచి రోడ్డు తగిలినప్పుడు మాత్రం మైకు కట్టేసి ఒక చరణం పాడుకుంటాను. అభ్యంతరం చెప్పేవారు లేక, కాస్త చప్పగానే ఉంటుంది.